చెయ్యి కుదిరినంక

ట్యాబ్ మీద బొమ్మలేయడంలో ఒక సుఖం ఉంది. మనిషి కొంప ముంచేదీ అదే. గీత నచ్చకపోతే రెండు వేళ్లతో తెరను తాకితే చాలు, పోతుంది. కాగితం చిరగదు, రంగు దండగ కాదు. అందుకే స్నేహలత గీసినవాటిలో బతికి బట్టకట్టినవి బహు తక్కువ.

మడికొండలో ఆఫీసు పని ముగించుకుని ఖిలా వరంగల్‌లోని ఇంటికి రాగానే ఆమె ట్యాబ్ ముందేసుకుని కూర్చునేది. మొదట జామపండు వేసింది. నీడకు నలుపు వాడితే పండు కుళ్లినట్టు కనబడింది. చెరిపి, నీలం కలిపి చూసింది. వెలుగు ఎటునుంచి పడుతుందో, నీడ ఎక్కడ ముదురుతుందో పండును తిప్పి తిప్పి చూసి మళ్లీ మళ్లీ వేస్తే, చివరికి పండు పండయింది. తర్వాత ముఖాలకు దిగింది. ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరెవరి ముఖాలో గీసేది, చెరిపేది.

తల్లి మొగిలమ్మ గడప మీద కూర్చుని, అమ్మకానికి తోటకూర కట్టలు కడుతూ ఇదంతా చూసేది.

"ఊరోల్ల మొకాలన్ని గీస్తానవ్. నన్ను గియ్యరాదె బిడ్డా?"

"జర ఆగవ్వా. చెయ్యి కుదరనీ. ఇప్పుడు గీస్తె నువ్వు నీ లెక్క ఉండవ్."

"నా లెక్క లేకుంటె ఏమాయె? నవ్వుకుందం తియ్యి. కుదిరినంక మల్ల గియ్యి."

స్నేహలత ఒప్పుకోలేదు. అమ్మ బొమ్మంటే అచ్చం అమ్మలాగే రావాలని ఆమె పంతం. ఎదురుగా మనిషి కూర్చుని ఉండగానే, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ల చెంపల మీద ఏడాదిపాటు నీడలు దిద్దుకుంటూ పోయింది.

వానాకాలంలో మొగిలమ్మకు జ్వరం తగిలింది. దవాఖానలో చేర్చారు. తిరిగి రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మొదలుపెట్టింది అమ్మ బొమ్మ. సంవత్సరికం నాటికి గోడకు పెట్టాలి. అమ్మ ముఖం దగ్గరగా పడినది ఇంట్లో ఆధార్ కార్డు ఫోటో ఒక్కటే. అందులో మొగిలమ్మ దొంగతనం చేసి దొరికిపోయినదానిలా ఉంది. మిగతాదంతా గుర్తుంది కదా అనుకుంది స్నేహలత. తీరా పెన్ను పట్టుకుంటే, అమ్మ కింది పెదవి ఎలా ఉండేదో తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ కళ్ల ముందు తిరిగిన ముఖాన్ని, జామపండును చూసినంత శ్రద్ధగా ఒక్కసారైనా చూడలేదు. అది తెలిసివచ్చిన రోజు ఆమె ట్యాబ్ పక్కన పెట్టి ఏడ్చింది.

మళ్లీ గీసింది, చెరిపింది. ఒకదాంట్లో మేనత్త వచ్చింది, ఇంకోదాంట్లో టీవీలో వార్తలు చదివే ఆమె వచ్చింది. ఆఖరికి ఒకే బొమ్మను పట్టుకుని నెలలపాటు దిద్దింది. చిన్నమ్మ భద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"జర తెల్లగ చెయ్యి పిల్లా. దండేసే ఫోటో గిట్ల నల్లగుంటె బాగుంటదా?"

తెల్లబరిచింది. చెంపలు నింపింది. నుదుటి ముడతలు సాపు చేసింది. వెంట్రుక వెంట్రుకా తీర్చింది. చూసినవాళ్లంతా ఫోటో లెక్కనే ఉందన్నారు.

సంవత్సరికం రెండు రోజులుందనగా తండ్రి కట్టయ్యకు చూపించింది. ఆయన ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగుంది బిడ్డా," అన్నాడు, ఎవరింటి పెండ్లి ఫోటోనో చూసి అన్నట్టు.

ఆమెకు కష్టమనిపించింది. తను పడ్డ పాటైనా చూపిద్దామని, యాప్ దాచిన వీడియో తెరిచింది. మొదటి గీత నుంచి బొమ్మ ఎలా తయారైందో అది గబగబా చూపిస్తుంది. గీతలు పరుగెత్తాయి. వాటి మీద మొద్దు కుంచెతో నాలుగు రంగులు పడ్డాయి.

"ఆపు! గాడ ఆపు!" అన్నాడు కట్టయ్య.

ఆపింది. ముక్కుకు ఇంకా అంచు లేదు. జుట్టంటే ఒక నల్లటి మరక. పెదవి ఒక పక్కకు ఎత్తి, ఎవరినో ఎకసెక్కం ఆడబోతున్నట్టు మొగిలమ్మ చూస్తోంది. కట్టయ్య తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

"గిదే గదా మీ అవ్వ. ఎందుకు చెరిపినవ్?"

"చెరపలే నాయినా. ఇంక బాగ రావాలని దాని మీదనే గీసుకుంట పోయిన."

గీసిన రోజు ఆమె కంటికి అది ఉత్త చిత్తుబొమ్మ. అందులో అమ్మ ఉందన్న సంగతే తట్టలేదు.

"గిది గీసుడు బాగ కష్టమా బిడ్డా?"

"కాదు. మొదట్ల నేర్చుకున్న పనే."

"మొదట్ల అంటె? అవ్వ ఉన్నప్పుడా?"

ఆయన ఊరికే, తెలియక అడిగాడు.

"అవు నాయినా."

కట్టయ్య ఆ చిత్తుబొమ్మ వైపే చూస్తున్నాడు.

"అయితె అప్పుడే గీసుంటె ఆమె గూడ సూసేది," అన్నాడు.