తెలియదనే యంత్రం

చేప ముక్కల్ని పిండిలో దొర్లించి, గుడ్డుసొనలో ముంచి, పెనం మీద పరుస్తున్నాను. ఇవాళ మా మామగారి తద్దినం, మా వైపు దానికి చేప వేపుడు ఉండాల్సిందే. పోయింది మా ఆయన నాన్న, సెలవు పెట్టింది నేను. ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని దేజన్‌లోని మా పరిశోధన సంస్థకి వెళ్లాడు, నేను ఏళ్ల తరబడి రాసిన ప్రోగ్రాంని నిధులిచ్చే పెద్దల ముందు ఆడించి చూపడానికి.

మా డైరెక్టర్ మెంగ్ గారు నిన్న ఎంత ప్రేమ ఒలకబోశారో! "ఇంట్లో తద్దినం పెట్టుకుని మీటింగేంటమ్మా? మీ అత్తగారు నన్ను తిట్టుకుంటారు. మీ ఆయన గ్యుచోల్ చూసుకుంటాడులే." తద్దినం సంగతి నేనాయనకి చెప్పనే లేదు. చెప్పింది మా ఆయనే. ఆ ముక్క నాకు ఇవాళ పొయ్యి దగ్గర కూర్చున్నాక గాని వెలగలేదు.

చంద్రుడి మీద దిగే నౌకకి నా ప్రోగ్రామే కళ్లూ బుర్రా. ఎక్కడ దిగాలో అదే చూసుకోవాలి. నీడ పడ్డ చోట కెమెరాకి ఏమీ కనపడదు. అక్కడ రాయి ఉండొచ్చు, గొయ్యి ఉండొచ్చు. అలాంటప్పుడు "తెలియదు" అని చెప్పి పైకి లేచిపోవడం దానికి నేర్పాను. పోయిన నెల అది చూసి ఆ నిధులిచ్చే వాళ్ల చైర్మన్ గారు విసుక్కున్నారు. "తెలియదనే యంత్రానికి డబ్బులెవడిస్తాడయ్యా?" ఆ సాయంత్రం ఆఫీసు విందులో మా ఆయన అందరి ముందూ, "అచ్చం నీలాగే తయారుచేశావోయ్, ఏదడిగినా నసుగుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి చచ్చాను. మర్నాడే ఆ "తెలియదు"ని పీకేశారు. నన్నడిగితేగా! రేపు ఆ నౌకలో మనుషులు కూర్చుంటారు.

"తిప్పవే, మాడుతోంది," అంది అత్తగారు. "చంద్రుడి మీద తర్వాత దిగుదువుగాని."

అంతలో వీడియో కాల్ వచ్చింది. వెనకాల చప్పట్లు. మా ఆయన మొహం వెలిగిపోతోంది. "ఒప్పేసుకున్నారోయ్! సంతకాలే తరువాయి. తెర మీద ఒక్కసారీ తడబడలేదు. చుట్టూ రాళ్లుంటే, నల్లగా నున్నగా ఉన్న చోటు చూసుకుని పువ్వులా దిగింది!"

నల్లగా, నున్నగా.

ఆయన ఫోన్‌ని చైర్మన్ గారి వైపు తిప్పాడు. "మా ఆవిడండీ. తద్దినం వంటలో ఉంది."

"ఈ కాలంలో కూడా ఇలాంటి కోడళ్లున్నారా! అదృష్టవంతుడివయ్యా," అన్నారాయన.

"నమస్కారం పెట్టవోయ్," అంది మా ఆయన గొంతు.

అత్తగారు మోచేత్తో పొడిచింది. "పెట్టి ఊరుకో. వాడి ఉద్యోగం వాళ్ల చేతిలో ఉంది."

నిజమే. నాదీ వాళ్ల చేతిలోనే ఉంది. పొయ్యి కట్టేశాను.

"చైర్మన్ గారూ, నా పేరు హాన్ నాన్‌యంగ్. ఆ ప్రోగ్రాం రాసింది నేను," అన్నాను. మా ఆయన వేళ్లు తెరకి అడ్డం రాబోయాయి. "సంతకం పెట్టకండి. అది దిగింది నేల మీద కాదండీ, నీడ మీద."