వితంతువుల సత్రంలో ఇల్లాలు

మా సత్రం కట్టించింది ఉప్పు వర్తకుడి భార్య మార్గరెటె. మూడున్నర వందల ఏళ్ల కిందటి మాట. మొగుడు పోయిన ఏడాదే మరుదులు ఆమెను ఇంట్లోంచి గెంటేశారు. ఆమె తక్కువదా? న్యాయస్థానానికెక్కి తన వాటా రాబట్టుకుని, తనలాంటి ఆడది చలిలో వీధిన నిలబడకూడదని, కోటగోడ పక్కన పన్నెండు గదులు వేయించింది. ఆ తర్వాత స్వీడన్ సైన్యం వచ్చింది, మహమ్మారి వచ్చింది, ఒకసారి పైకప్పు మొత్తం తగలబడింది. సత్రం మాత్రం మూతపడలేదు. మా ఆయన పోయాక నేనూ ఇక్కడికే చేరాను. నాలుగో గది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడో చలికాలంలో ఒటీలియా వచ్చింది. తూర్పున ఉన్న జర్మన్లందరినీ తరిమేస్తే, దుప్పటి మూటతో మా ఊరు చేరి, ఎవరిదో గుర్రపుశాల అటక మీద పడుకునేది. ఒకటే దగ్గు. మా తొమ్మిదో గది అప్పుడు ఖాళీ. సత్రం వ్యవహారాలు చూసే డోర్ఫ్లర్ గారు మంచివాడే కానీ, కాగితం లేనిదే కదలడు. వెచ్చగా ఉంటుందని వంటింటి బల్ల దగ్గరే కూర్చుని అడిగాడు.

"మీవారు పోయినట్టు కాగితం ఏదమ్మా?"

"పోలేదండీ. యుద్ధానికెళ్లారు. రష్యాలో ఎక్కడున్నారో జాడ తెలియదు."

"సత్రం వితంతువులకే కదమ్మా! ఈ అర్జీ మీద సంతకం చెయ్యండి. చనిపోయాడని కచేరీవాళ్లు రాసిస్తారు. మరునాడే గది తాళం మీది."

ఒటీలియా కాగితాన్ని వెనక్కి తోసింది. "నా చేత్తో ఆయన్ని చంపమంటారా?" అంది మెల్లగా. మూట అందుకుని లేచింది.

అక్కడే బంగాళాదుంపల తొక్క తీస్తున్న నేను కత్తి పక్కన పెట్టాను. ఏటా అక్టోబరులో మార్గరెటె రాసిపెట్టిన శాసనం మా అందరికీ చదివి వినిపిస్తారు. తర్వాత పంచే తీపి రొట్టె కోసం ఎదురుచూస్తూ అందరూ కునికిపాట్లు పడతారు. నేను వింటాను. చదువు రానివాళ్లకు చెవులే పుస్తకాలు.

"ఆగండి అయ్యగారూ! జబ్బుపడ్డ వితంతువు ఒక దాసిని గదిలో ఉంచుకోవచ్చు, రొట్టె, కట్టెలు సత్రమే ఇవ్వాలి అని లేదూ అందులో? దాసికి మొగుడు ఉండకూడదని ఎక్కడుంది?"

ఆయన పెట్టె తెరిచి శాసనం తీసి, వేలు పెట్టి వెతికాడు. "ఉందమ్మా. మరి మీకేం జబ్బు?"

"మోకాళ్లు."

మా పక్క గదామె లోనీ ఊరుకుంటుందా? "పోయిన ఆదివారం పెళ్లిలో గెంతిన మోకాళ్లేగా అవి!"

"అందుకేనే నొప్పి!"

డోర్ఫ్లర్ గారు మీసం కింద నవ్వు దాచుకుని, పుస్తకంలో దాసీల పుట తెరిచి ఒటీలియా పేరు రాశాడు.

చేరిందే కానీ, దాని పెత్తనం చూడాలి. సొంత రొట్టెల అంగడి నడిపిన మనిషి, నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు.

"దాసివి నువ్వా నేనా?"

"మోకాళ్లు నొప్పి కదమ్మగారూ, నోరు మూసుకుని కూర్చోండి!"

అలా ఏడెనిమిదేళ్లు గడిచాయి. చివరికి రష్యా నుంచి మన యుద్ధఖైదీల రైళ్లు వచ్చాయి. ఒటీలియా తన భర్త లోరెంజ్ ఫోటోను అట్టకు అంటించుకుని ప్రతి రైలుకూ స్టేషనులో నిలబడింది. జనవరిలో ఆఖరి రైలూ వచ్చి వెళ్లింది. లోరెంజ్ దిగలేదు.

ఆ వారమే డోర్ఫ్లర్ గారు మళ్లీ కాగితం తెచ్చాడు. "ఇప్పుడైతే పింఛను కూడా వస్తుందమ్మా. సొంత గది ఉంటుంది."

ఒటీలియా చేతులు తుడుచుకుని, కాగితం ఆసాంతం చదివి, మడిచి తిరిగి ఇచ్చింది.

"ఆయన రారని నాకు తెలుసండీ. అయినా ఆ మాట నేను రాయను."

ఆయన మళ్లీ అడగలేదు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది వసంతంలో, నా గదిలోనే, నిద్రలోనే ఒటీలియా పోయింది. శ్మశానంలో మా సత్రం వాళ్లకు వేరే వరుస ఉంది. రాళ్లన్నిటి మీదా 'ఫలానావారి వితంతువు' అనే ఉంటుంది. రాళ్లు చెక్కే అతను కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, 'లోరెంజ్ భార్య' అని రాయించావు. పొరపాటేమో?"

"పొరపాటు కాదు నాయనా, అలాగే చెక్కు" అన్నాను.