చిట్టెమ్మ ఆయ్ అంది

మా శ్రీనివాసరాజుది భీమవరం దగ్గర పల్లెటూరు. మానసిక వైద్యంలో పీజీ చేయడానికి రాజమండ్రిలో నా దగ్గర చేరాడు. నేనేం చెప్పినా "ఆయ్" అంటాడు, ఆనక తన పాటికి తను చేసుకుపోతాడు. బంగారంలాంటి కుర్రాడే గానీ, నోరు మూసుకోవడం చేతకాదు.

తొంభై ఎనిమిది శ్రావణంలో అతనికి చిట్టెమ్మను అప్పగించాను. మా వార్డులో చేరిన పట్టిసీమ పిల్ల. పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. అప్పట్నుంచి తిండి ముట్టడం లేదు. మందులు నేను రాశాను, మాట్లాడి మనసు తేలికపరిచే పని అతనిది.

వారం తిరక్కుండానే, ఆవిడతో మాట్లాడిందంతా రికార్డు చేసిన క్యాసెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"చాలా మెరుగండి మేడమ్! అన్నిటికీ ఒప్పుకుంటోందండి. రేపు వాళ్ళాయనొస్తే ఇంటికి పంపించేద్దామండి."

టేప్ పెట్టాను. ఎంతసేపూ వీడి గొంతే.

"మీ వయసెంతనండి, మళ్ళీ పుడతారు."

"ఆయ్."

"దిగులు పెట్టుకోకూడదండి."

"ఆయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏవయ్యా, నేనేం చెప్పినా ఆయ్ అంటావే, అన్నీ ఒప్పుకునే అంటున్నావా?"

రాజు మొహం కందగడ్డయింది. "వింటున్నానని అండి..." అని నసిగాడు.

"ఆవిడా అంతే. ఇలా పస్తులతో ఇంటికి పంపితే ఆ పిల్ల దక్కదు. రేపు నువ్వు మాట్లాడకు. విను."

మర్నాడు మధ్యాహ్నం నేనూ ఆ గదిలో ఓ మూల కూర్చున్నాను. వాళ్ళాయన సంచి పట్టుకుని వరండాలో ఉన్నాడు. బల్ల మీద మజ్జిగ గ్లాసు అలాగే ఉంది. కిటికీ అవతల ఎర్రనీళ్ళ గోదావరి. వానకి అవతలి గట్టు చెరిగిపోయింది. చూస్తూ చూస్తూ ఉంటే గది కూడా లాంచీలా మెల్లగా కదులుతున్నట్టుంది. మధ్యలో రాజు నోరు తెరవబోయాడు. గుడ్లురిమాను.

ఎంతసేపైందో తెలీదు. చిట్టెమ్మ నీళ్ళకేసి చూస్తూ, నిద్రలో మాట్లాడినట్టు అంది.

"కాదండి."

రాజు కుర్చీలో ముందుకు వంగాడు.

"అందరూ మళ్ళీ పుడతారంటన్నారండి. పుడితే అది వేరే పిల్లండి. నా సూర్యకళ కాదండి. పేరు కూడా పెట్టుకున్నానండి. ఎవరూ అడగలేదండి."

వీడిప్పుడు ఏదో ఒక ఓదార్పు చెప్పి చెడగొడతాడని హడలిపోయాను. రాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆయ్," అన్నాడు మెల్లగా.

చిట్టెమ్మ ఏటి మీంచి చూపు తిప్పి, మొదటిసారి అతని వైపు చూసింది. గ్లాసు దగ్గరకు లాక్కుని ఓ గుక్క తాగింది.

"అన్నీ నా పోలికలేనండి," అంది.