ఎడమ చక్రం పట్టలేదు

పట్టలేదు, ఎడమ చక్రానికి బ్రేకు పట్టలేదు, కుడిదొక్కటే పట్టింది, అందుకే బండి కుడికి గుంజింది, కాశీబుగ్గ రైలు గేటు దగ్గర పెడలు మీద నిలబడినంత పని చేశాడు పోలారావు, అయినా జీపు సైకిలతన్ని ఒరుసుకుంటూ వెళ్లి గేటు స్తంభానికి ఆనుకుంది, వెనకాల చేపల గంపలతో ఊళ్లో ఆడవాళ్లు కెవ్వుమన్నారు, ముందు సీట్లో భార్య దమయంతి ముందున్న కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుంది, ఇంటికొచ్చాక అంది, రేపు నన్నెక్కమంటే ఎక్కుతాను, మరి ఆళ్లకేటి సెప్పమంతావు, ఏం చెప్పాలి, తుఫానుకి పడవా వలలూ పోయి సముద్రం మానుకుని ఈ పాత జీపు కొన్నప్పుడు ఆళ్లే కదా నమ్మి ఎక్కింది.

ఇసకలో జాకీ దిగబడకుండా కింద కొబ్బరి దుంగ పెట్టి చక్రం ఊడదీశాడు, బ్రేకాయిలు తగ్గలేదు, పెడలు గట్టిగానే ఉంది, మరి ఏం మాయరోగం, చక్రం లోపలి బ్రేకు సిలిండరు కారుతోందేమో, కారితే డ్రమ్ముని పట్టే లైనింగు తడుస్తుంది, తడిస్తే జారుతుంది, పోయిన వారం దానికి కొత్త రబ్బర్లు వేసింది తనే, సరిగా కూర్చోలేదా, తన చేతులే పెళ్లాం ప్రాణం తీయబోయాయా, సుత్తితో చుట్టూ కొట్టాడు, డ్రమ్ము రాదు, మళ్లీ కొట్టాడు, వచ్చింది, లైనింగు నల్లగా నిగనిగలాడుతోంది, అనుకున్నంతా అయింది, సిలిండరు రబ్బరు ఎత్తి చూశాడు, లోపల పొడి, చుక్క లేదు.

మరి ఈ జిడ్డెక్కడిది, పుల్లతో గీకి వాసన చూశాడు, జీడిపిక్కల నూనె, పడవకి పూసేది, ఉప్పునీళ్లు తినకుండా నాన్న సింహాచలం ఏటేటా పడవ కడుపంతా పూసేవాడు, వేళ్లు బొబ్బలెక్కి తోలు ఊడేది, మొన్న అన్నం తింటూ నాన్న వేళ్లు చూసి ఏటయిందని అడిగితే ఏటీ నేదురా అన్నాడు, అవును, ఆ వారమే డ్రమ్ము విప్పి వాకిట్లో బోర్లించి రబ్బర్లకని కాశీబుగ్గ వెళ్లాడు తను, తిరిగొచ్చేసరికి నాన్న దాని పక్కనే కూర్చుని, తుప్పు తినేత్తందిరా నీ బండిని అన్నాడు, చీకటి పడుతోందని తను లోపల చూడకుండానే బిగించేశాడు, ఓరి ముసలాడా, అందరినీ చంపేద్దువు కదరా, అని కోపంగా లేవబోయి మళ్లీ కూర్చున్నాడు, పడవ పోయాక ఆ చేతులకి పనేముంది పాపం, ఈ జీపే ఆయనకి పడవ, చెప్పొద్దు, పీల్చుకున్న నూనె కడిగినా పోదు కాబట్టి కొత్త లైనింగు వేయించి, డ్రమ్ము గరుకు కాగితంతో రుద్దేసి, సిలిండరు కారిందని దమయంతికి ఓ అబద్ధం చెప్పేస్తే సరిపోతుంది.

ఒరే పోలీ, అంటూ సింహాచలం వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు, చేతిలో నూనె డబ్బా, కుడిపక్కది ఎప్పుడిప్పుతావురా, దానిక్కూడా రాసేత్తాను, అన్నాడు, కళ్లలో ఎంత సంబరమో, పోలారావు సుత్తి కింద పెట్టాడు, తను దయ అనుకుని మింగబోయిన మాటే రేపు రెండో చక్రంలో నూనె అవుతుంది, ముందు సీట్లో దమయంతి ఉంటుంది, నాన్న మొహం చిన్నబోతే చిన్నబోనీ, మూడు రోజులు అన్నం మానేస్తే మాననీ, ఇప్పుడే చెప్పాలి, నాన్నా, ఆ డబ్బా అవతలెట్టి ఇలా సూడు, పడవ కాదిది, ఇది జారకూడదు.