మామగారి ఫ్లైవీల్

ఆ ఆదివారం నాకు కావలసిందల్లా ఒక్కటే. సాయంత్రానికి మా ఆయన హోబర్ట్ కాళ్లు రెండూ ఒంటికి ఉండాలి. చర్చిలో దేవుణ్ణి అదే అడిగి వచ్చాను. మా కెంటకీ కొండల్లో మొగుడి కాళ్ల కోసం ప్రార్థించే ఆడదాన్ని చూసి ఎవరూ నవ్వరు.

కారు మా మామగారిది, పంతొమ్మిది వందల ముప్పైతొమ్మిది నాటి రెండు తలుపుల కూపే. దాన్ని మట్టి ట్రాక్ మీద రేసుల్లో తోలి ఆయన ఈ లోయంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయన పోయాక గేర్‌బాక్స్ పళ్లు అరిగిపోయాయి. హోబర్ట్ ఒక పాత ట్రక్కు గేర్‌బాక్స్ తెచ్చి, మధ్యలో ఇనుప పలక పెట్టి, ఇంజనుకు తగిలించాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ ట్రక్కు క్లచ్ మామగారి ఫ్లైవీల్‌కు కుదరలేదు. ఇంజను వెనక గిర్రున తిరిగే ఆ పోత ఇనుప చక్రాన్ని తీసేసి ఉక్కుది వేయాల్సింది. "నాన్న ఇంజనుకు నాన్న చక్రమే ఉండాలి" అని ఈ మహానుభావుడు దానికే క్లచ్ పట్టేలా కొత్త బెజ్జాలు వేశాడు. మా వాళ్లకు చచ్చినవాళ్ల మీదున్న గౌరవం బతికున్నవాళ్ల మీద ఉండదు.

బిగించకముందు మా మరిది డెన్జిల్ ఆ చక్రాన్ని తాడుకు వేలాడదీసి సుత్తితో తట్టాడు. మంచి పోత ఇనుము గంటలా మోగాలి. అది పగిలిన కుండలా డబ్‌మంది. లోపలెక్కడో బీట ఉందన్నమాట. "మోగడానికి అదేమన్నా చర్చి గంటా?" అని హోబర్ట్ దాన్నే బిగించేశాడు. అలాంటి చక్రం జోరు మీద పగిలితే ముక్కలు డ్రైవరు పాదాల దగ్గరే నేల చీల్చుకుని వస్తాయి. పక్క లోయ సైజ్‌మోర్ల ఇంటి పెద్దోడు అలాగే కాళ్లు పోయి, ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని రేసులు చూస్తున్నాడు.

చర్చి నుంచి రాగానే హోబర్ట్ షెడ్డులోకి వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే రేసు. వెనకాలే నాతోపాటు డెన్జిల్ వచ్చి కారు తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, ఇవాళొద్దు. చక్రం మార్చాక తోలుకో."

"తప్పుకోరా. అమ్మ గౌను పట్టుకుని తిరిగేవాడివి, నీకేం తెలుసు రేసుల సంగతి?"

"నీ కాళ్ల సంగతి తెలుసు. అది పగిలిందంటే మోకాళ్ల దాకా మిగలవు."

"నాన్నే ఉంటే ఈ మాటకి నీ చెంప పగలగొట్టేవాడు."

"నాన్నే ఉంటే ఆ బెజ్జాలేసిన నీ చేతులు విరగ్గొట్టేవాడు!"

ఆ మాటతో హోబర్ట్ చేతిలో రెంచీ లేచింది. డెన్జిల్ మూతి పగిలి రెండు పళ్లు సిమెంటు నేల మీద పడ్డాయి. వాడు తల వంచి ఎద్దులా అన్న కడుపులోకి దూసుకెళ్లాడు. ఇద్దరూ బల్ల మీద పడి, నట్లూ సుత్తులూ నూనె డబ్బాలతో సహా కిందికి దొర్లారు. డెన్జిల్ అన్న జుట్టు పట్టుకుని మొహాన్ని కారు బంపరుకేసి బాదాడు. హోబర్ట్ కనుబొమ చీలి కంట్లోకి నెత్తురు కారింది. కొట్లాడే కుక్కల మీద కుమ్మరించినట్టు బకెట్ నీళ్లు కుమ్మరించాను. లాభం లేదు. హోబర్ట్ తమ్ముడి గొంతు మీద మోకాలు పెట్టి నొక్కాడు. డెన్జిల్ పెదాలు నీలంగా మారాయి.

"చచ్చిపోతాడు, వదులు!" అని వీపు మీద గుద్దాను. హోబర్ట్ నన్ను ఒక్క తోపు తోశాడు. నా తల అలమరకు కొట్టుకుంది. పెళ్లయ్యాక ఆ మనిషి నా మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. నా నొప్పి కంటే అతని కళ్లు చూసి ఎక్కువ భయపడ్డాను. వాటిలో నేను లేను, తమ్ముడూ లేడు.

డెన్జిల్ కదలలేక దగ్గుతూ పడి ఉన్నాడు. హోబర్ట్ లేచి, తలుపు తెరిచి, సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పబోతున్నాడు. కుడికాలు లోపల ఉంది, ఎడమకాలు ఇంకా నేల మీదే ఉంది.

క్లచ్ తొక్కేది ఎడమకాలితోనే. అది తొక్కందే ఆ కారు కదలదు.

నా చేతికి దగ్గర్లో బరువు సుత్తి పడి ఉంది. రెండు చేతులా ఎత్తి అతని ఎడమ పాదం మీద దించాను. ఎముక విరిగిన చప్పుడు బూటులోంచి వినిపించింది.

హోబర్ట్ అరుస్తూ కారులోంచి కిందపడ్డాడు. "కాలు విరగ్గొట్టావే, దెయ్యమా!"

"ఇప్పుడు తొక్కు క్లచ్, చూద్దాం!"

డెన్జిల్ పాకుతూ వచ్చి తాళం లాగేసుకున్నాడు. "బాగా కొట్టావ్ వదినా," అన్నాడు నెత్తురు ఉమ్ముతూ.

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. మొగుడి ఎముక నా చేతులతోనే విరిచాను. మళ్లీ అవసరమైతే మళ్లీ విరుస్తానని కూడా తెలుసు. నేల మీద కూర్చుని, కత్తితో బూటు చీల్చి, ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. నల్లగా ఉబ్బిపోతోంది. వేళ్లన్నీ ఉన్నాయి.

"నీకు విడాకులిస్తా," అన్నాడు హోబర్ట్ పళ్లు నూరుతూ.

"ఇవ్వు," అన్నాను. "కోర్టుకి నీ కాళ్ల మీద నువ్వే నడిచొచ్చి ఇవ్వు."