ఎర్ర బాణాలు

ఫొటో దిగడమంటే లింగన్నకు పండగే. అందుకే ఆ పొద్దు గల్ఫ్‌లోని మీనా సల్మాన్ రేవు వర్క్‌షాపుకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకు నూనె రాసుకుని, కొత్త చెప్పులేసుకుని వచ్చాడు. కుడిచేతికి మాత్రం కట్టు ఉంది. రేకులు కోసే మిషన్ రెండు వేళ్లు మింగేసి ఇంకా నెల తిరగలేదు.

మిషన్ పళ్ల మీద ఉండాల్సిన మూత ఎప్పుడో ఊడిపోతే పట్టించుకున్న నాథుడు లేడు. ఇప్పుడేమో తప్పు మిషన్‌దా, మనిషిదా అని కంపెనీ రిపోర్టు రాయిస్తోంది. మనిషిదని తేలిందా, ఖలాస్, ఇంటికి పంపేస్తారు. ఆ రిపోర్టుకు ఫొటోలు, బొమ్మలు కూర్చేది ఆఫీసులో పనిచేసే సోమరాజు. గుదైబియాలో ఇద్దరిదీ ఒకే గది, ఒకే వంట. అతనికి కామెర్లొస్తే గంజి కాచి పోసింది లింగన్నే. అలాంటివాడి చేతిలో రిపోర్టు పడ్డాక ఇంకేం భయం!

“పెద్దోళ్లు రాతలు చదవరు లింగన్నా, బొమ్మ చూత్తారు,” అన్నాడు సోమరాజు కెమెరా సర్దుకుంటూ. “మూత లేనిచోట ఎర్ర బాణం గీత్తాను. ఇంకెవడూ నోరెత్తడు.”

“హెల్మెట్ పెట్టుకోవాల్నానే?”

“మొకం కనపడొద్దేంటి? తీసెయ్. కట్టున్న చెయ్యి వెనక్కి పెట్టు, బాగోదు. రెండోది మిషన్ మీదేసి నవ్వు.”

లింగన్న నవ్వాడు. ఫొటో ఎంత బాగా వచ్చిందంటే, ఒక కాపీ అడిగి తీసుకుని, సెలవు మీద ఊరెళ్తున్న మల్లేష్ చేత పెళ్లాం ముత్తెమ్మకు పంపించాడు.

మీటింగ్ రోజున లింగన్నను తలుపు దగ్గర నిలబెట్టారు. సోమరాజు లైట్లు ఆర్పి ప్రొజెక్టర్ వేశాడు. తెర మీద గోడంత లింగన్న! పిచ్చిమారాజు, తనను చూసుకుని మురిసిపోయాడు కూడా. తర్వాత మిషన్ పళ్ల కోసం వెతికాడు. లేవు. అవి కనపడకుండా ఫొటోను కత్తిరించేశారు. ఎర్ర బాణాలు మాత్రం ఉన్నాయి. ఒకటి హెల్మెట్ లేని తలకు, ఒకటి గ్లవ్స్ లేని చేతికి, ఒకటి చెప్పులకు. ఇతను రోజూ పని చేసేది ఇలాగే అన్నట్టు మేనేజరు అందరివంకా చూసి తలూపాడు.

“నువ్వే గదనే హెల్మెట్ తియ్యమన్నది!” లింగన్న అరిచాడు. “జెర చెప్పరాదే సోమరాజన్నా! వేళ్లు తెగిన దినం నేను అన్నీ ఏసుకునే ఉన్న!”

సోమరాజు తర్వాతి బొమ్మ తెర మీదికి తెచ్చాడు.

సాయంత్రం గదిలో లింగన్న పెట్టె సర్దుకుంటుంటే సోమరాజు గుమ్మంలోనే నిలబడ్డాడు. “ఏం చెయ్యమంటావు? నా వీసా కూడా మేనేజరు చేతిలోనే ఉంది కదా.”

“ఫొటో తీసేటప్పటికే తెలుసానే నీకు?”

సోమరాజు తల దించుకున్నాడు. వేళ్లు తెగిననాడు కూడా లింగన్నకు ఇంత నొప్పి తెలియలేదు.

“ఆ ఫొటోకు మా ముత్తెమ్మ అద్దం కట్టించిందట,” అన్నాడు చివరికి. “ఎవరు తీసిండ్రని అడుగుతది. ఏం జెప్పాలె?”