నిమ్మ ఉప్పు డబ్బా

బాపట్ల కాలేజీ ల్యాబులో షబానా నెలల తరబడి గాజు పలక మీద ఒక పసుపు పొర నిలబెట్టాలని తంటాలు పడుతోంది. సెమీకండక్టర్ పొర. కాడ్మియం ఉప్పూ, గంధకమిచ్చే మందూ నీళ్లలో కలిస్తే చాలు, ఆగమన్నా ఆగకుండా పొడైపోయి అడుగున కూలబడేవి. కాడ్మియాన్ని పట్టుకుని కొంచెం కొంచెంగా వదిలే మందొకటి మధ్యలో ఉండాలి. ల్యాబులో అది నిండుకుంది. కాలేజీవాళ్లు తెప్పించేసరికి పుణ్యకాలం గడిచిపోతుందని, తెనాలిలో తమ వంటింట్లో ఉన్న, అదే పని చేసే నిమ్మ ఉప్పు డబ్బానే సంచిలో వేసుకుని రైలెక్కింది.

ఆ రోజు పొర గాజుకు అతుక్కుంది. గోటితో గీకినా ఊడలేదు. ఆ సంబరంలో ఇంటికొచ్చి, డబ్బా ఎప్పటి చోట పెట్టేసి నడుం వాల్చింది.

రంజాన్ నెల. ఇఫ్తారుకు మసీదుకు పంపాలని తల్లి జైనబ్ బీ నిమ్మ ఉప్పు వేసి షర్బత్తు కలిపింది. రోజా ఉపవాసంలో ఉంది కనుక రుచి చూడలేదు. తండ్రి మీరా మొహిద్దీన్ ఆ క్యాను పట్టుకుని, రేపల్లె నుంచి వచ్చిన మేనమామ వాసింతో కలిసి వెళ్లిపోయాక, షబానా లేచింది. తల్లి గిన్నెలు తోముతోంది.

"నిమ్మ ఉప్పులో చెంచాకి ఈ పసుపేంటే? ఎంత తోమినా పోవట్లేదు."

షబానా ఆ చెంచా లాక్కుని చూసింది. కాడ్మియం ఉప్పు తీసిందీ ఆ చెంచాతోనే, బీకరులో కలియబెట్టిందీ దాంతోనే. తెలుపులో తెలుపు కలిస్తే ఎవరికి కనబడుతుంది? నిమ్మ ఉప్పు ఆ విషాన్ని బయటపడనివ్వదు, షర్బత్తు తేటగానే ఉంటుంది. ఇంత చదివీ ఇలా చేసినందుకు తనను తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

చెప్పుల్లేకుండానే పరుగెత్తింది. మసీదులో గ్లాసులు బారులు తీరి ఉన్నాయి.

"ఎవరూ తాగకండి. అందులో విషం పడింది. నా వల్లే పడింది."

తండ్రి క్యాను మూత బిగించేశాడు. అంతలో అజాన్ మొదలైంది. అందరూ ఖర్జూరంతో, పంపునీళ్లతో రోజా విడిచి, గ్లాసులన్నీ పక్కకు తీసేశారు. గండం గడిచిందని షబానా గుమ్మం దగ్గరే కూలబడింది.

మెట్టు మీద కూర్చున్న వాసిం ఆమె తల నిమిరాడు.

"గుండె బిళ్లలు వేసుకుంటాను కదా తల్లీ, నాకు రోజా లేదు. దారిలో మీ నాన్న రెండు గ్లాసులు పోశాడు. ఎంత బాగుందో."

షబానా ఆయన చెయ్యి పట్టుకుని, ఆటో కోసం వీధంతా వినబడేలా అరిచింది.